ఏ లైను దగ్గర ఆగిపోయారో రాయండి: గణితంలో డౌట్లు అడిగేవారికి బహిరంగ లేఖ

గణితం నేర్చుకుంటూ, డౌట్ వచ్చినప్పుడు ముఖం తెలియని వాళ్లకు రాసి అడిగే విద్యార్థులందరికీ,

నమస్కారం.

నేను చాలా ఏళ్లుగా మీ ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. ఇది నా ఉద్యోగం కాదు. పని అయ్యాక సాయంత్రం కూర్చుని, నాకు చేతనైన నాలుగు ప్రశ్నలు చూస్తాను. నాలాగే చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మాకు దొరికేది రోజుకు ఓ గంట. అందులో సగానికి పైగా అసలు మీరేం అడుగుతున్నారో కనుక్కోవడానికే పోతోంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ మీద కోపం ఏమీ లేదు. జవాబు దొరక్క వెళ్లిపోయిన వాళ్లను తలచుకుంటే బాధగా ఉంటుంది. వాళ్లలో చాలామంది దగ్గర మంచి ప్రశ్న ఉంది. అది వాళ్ల మనసులోనే ఉండిపోయింది, రాతలోకి రాలేదు.

ఒక లెక్కతో మొదలుపెడతాను. పుస్తకం పేజీ ఫొటో ఒకటి వస్తుంది. ఒక లెక్క చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంటుంది. కింద "ప్లీజ్, అర్జెంట్" అని ఉంటుంది. లెక్క ఇది: √(ఎక్స్ + 7) = ఎక్స్ − 5. ఎక్స్ ఎంత?

నేను "9" అని రాస్తే ఆ విద్యార్థికి ఏమీ దొరకలేదు, ఆ 9 పుస్తకం వెనక ఎలాగూ ఉంది. మొత్తం సాధన రాస్తే, అతను తనకు ముందే తెలిసిన నాలుగు లైన్లు చదివి, తెలియని ఐదో లైను మీదుగా జారిపోతాడు. ఆ ఐదో లైను ఏదో నాకు తెలియదు. అది అతనికే తెలుసు.

ఇదే లెక్కను ఇంకొకరు ఇలా రాశారనుకోండి:

"రెండు వైపులా వర్గం చేశాను. ఎక్స్ + 7 = ఎక్స్² − 10ఎక్స్ + 25 వచ్చింది. సర్దితే ఎక్స్² − 11ఎక్స్ + 18 = 0. కారణాంకాలు (ఎక్స్ − 2), (ఎక్స్ − 9). అంటే 2, 9 రెండూ రావాలి. పుస్తకంలో 9 ఒక్కటే ఇచ్చారు. 2 పెట్టి చూస్తే ఎడమవైపు 3, కుడివైపు −3 వస్తోంది. ఏ స్టెప్‌లోనూ తప్పు కనిపించట్లేదు. మరి ఈ 2 ఎక్కణ్నుంచి వచ్చింది?"

ఇది చదవగానే నాకు కుర్చీలోంచి లేవబుద్ధి కాదు. ఈ విద్యార్థి లెక్క చేసేశాడు. జవాబును సమీకరణంలో పెట్టి సరిచూశాడు కూడా. చివరి వాక్యంలో ఉన్నదే అసలు ప్రశ్న, అది చాలా మంచి ప్రశ్న. జవాబు మూడు వాక్యాల్లో అయిపోతుంది. రెండు సంఖ్యలు సమానమైతే వాటి వర్గాలు సమానం, కానీ వర్గాలు సమానమైనంత మాత్రాన సంఖ్యలు సమానం కానక్కర్లేదు. 3, −3 వేరువేరు, రెండింటి వర్గమూ 9. వర్గం చేసిన మొదటి స్టెప్‌లోనే √(ఎక్స్ + 7) = −(ఎక్స్ − 5) అనే ఇంకో సమీకరణం కూడా లోపలికి వచ్చి కలిసిపోయింది, 2 దాని సాధన. ఇది చదివినవాడు ఇకమీదట ఏ సమీకరణాన్ని వర్గం చేసినా, చివర్లో జవాబులు పెట్టి చూడకుండా వదలడు.

ఫొటో పంపినవాడికీ సరిగ్గా ఇదే డౌట్ ఉండి ఉండొచ్చు. మాకెలా తెలుస్తుంది?

చదువుకునే రోజుల్లో నేనూ ఇదే తప్పు చేశాను. ఒక నిరూపణ పట్టుకెళ్లి, "సార్, ఇది అస్సలు అర్థం కాలేదు" అన్నాను. ఆయన కాగితం నా వైపే తిప్పి, "మొదటి లైను అర్థమైందా?" అని అడిగారు. అయింది. "రెండోది?" అదీ అయింది. అలా ఏడో లైను దాకా వెళ్లాం. అక్కడ "కనుక" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పై లైన్లోంచి ఆ లైను ఎందుకు వస్తుందో నాకు తెలియలేదు. ఆయన వివరించింది ఒక్క నిమిషం. "అస్సలు అర్థం కాలేదు" అన్నది అబద్ధమని నాకు ఆ రోజు తెలిసింది. ఒక్క "కనుక" అర్థం కాలేదు, అంతే. మీరు రాసి అడుగుతున్నప్పుడు పక్కన కూర్చుని లైను లైనూ అడిగే మనిషి ఉండరు. ఆ పని మీరే మీతో చేసుకుని రావాలి.

"చాలా ట్రై చేశాను, రాలేదు" అని రాస్తే దాంట్లోంచి మాకు తెలిసేది ఏమీ లేదు. ఏం ట్రై చేశారు? తప్పు దారైనా రాయండి. తప్పు దారిలో మీ ఆలోచన కనిపిస్తుంది, దాన్ని చూసి ఎక్కడ మలుపు తప్పిందో చెప్పగలం. అసలు మొదలే పెట్టలేని లెక్కలు ఉంటాయి, అదీ నిజమే. అప్పుడు లెక్క అడుగుతున్నదేమిటో మీ సొంత మాటల్లో ఒకసారి రాయండి. పదాలన్నిటి నిర్వచనాలు మీకు తెలుసో లేదో చూసుకోండి. చిన్న సంఖ్యలు పెట్టి చూడండి. "ఎన్ 1 అయినప్పుడు, 2 అయినప్పుడు నిజమని చూశాను, 3 దగ్గర చిక్కుపడ్డాను" అన్న ఒక్క వాక్యం చాలు, మాకు దారి దొరుకుతుంది.

చిన్న సంఖ్యలు పెట్టి చూడమన్నానని నాలుగు చూసి సూత్రం కట్టేయకండి. వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెండింటినీ గీతతో కలపండి. ఏ మూడు గీతలూ లోపల ఒకే చోట కలవకుండా చూసుకోండి. వృత్తం ఎన్ని భాగాలైందో లెక్కపెట్టండి. ఒక బిందువుకు 1 భాగం, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరో బిందువు పెడితే ఎన్ని? చాలామంది 32 అంటారు. గీసి లెక్కపెడితే 31 వస్తుంది. "నా లెక్కలో తప్పుందా, 31 వస్తోంది" అని ఎవరైనా అడిగితే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ ప్రశ్న అడిగినవాళ్లు తమ ఊహ కన్నా తాము గీసిన బొమ్మను నమ్మారు.

ఇప్పుడు దీనికన్నా కష్టమైన సంగతి. ఒకే ప్రశ్నకు అడిగేవాళ్లను బట్టి జవాబు మారుతుంది. ఎక్స్ సున్నాకు చేరువవుతుంటే సైన్ ఎక్స్ బై ఎక్స్ విలువ ఎందుకు 1కి చేరువవుతుంది? అవకలనం (డిఫరెన్షియేషన్) బాగా వచ్చినవాళ్లు, "లోపితాల్ నియమం వాడు, పైనదాన్నీ కిందిదాన్నీ విడివిడిగా అవకలనం చెయ్యి, పైన కాస్ ఎక్స్ వస్తుంది, కింద 1, అయిపోయింది" అంటారు. కానీ సైన్ అవకలజం కాస్ అని మొదట నిరూపించేటప్పుడు మామూలుగా వాడేది ఈ లిమిట్‌నే. ఆ పాఠం ఇప్పుడే మొదలుపెట్టిన విద్యార్థికి ఈ జవాబిస్తే, మేడ ఎక్కడానికి మేడ మీది నుంచి నిచ్చెన వేసినట్టు ఉంటుంది. అతనికి కావాల్సింది వృత్తంలో త్రిభుజం, సెక్టారు, ఇంకో త్రిభుజం గీసి వైశాల్యాలు పోల్చే నిరూపణ. సైన్‌ను అనంత శ్రేణితో నిర్వచించిన పుస్తకం చదివేవాళ్లకు మూడో జవాబు ఉంది, అది ఒక్క లైనులో తేలుతుంది. మూడూ సరైనవే. ఏది మీకు పనికొస్తుందో మాకు తెలియాలంటే మీరు ఏం చదువుతున్నారో, ఇప్పటిదాకా ఏవి వచ్చో, వేటిని వాడకూడదో చెప్పాలి. "లిమిట్లు ఇప్పుడే మొదలుపెట్టాం, అవకలనం ఇంకా రాలేదు" అంటే చాలు. మీ తరగతి తెలుసుకుని మిమ్మల్ని తక్కువగా చూసేది ఏమీ లేదు. జవాబు మీకు అందేంత ఎత్తులో రాయడానికే అడుగుతున్నాం.

నిర్వచనాల సంగతీ అంతే. 1742 జూన్ 7న గోల్డ్‌బాక్ అనే గణితవేత్త, ఇంకో గొప్ప గణితవేత్త ఆయిలర్‌కు ఒక ఉత్తరం రాశారు. 2 కన్నా పెద్దదైన ప్రతి సంఖ్యనూ మూడు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చని తనకు అనిపిస్తోందని అందులో చెప్పారు. ఇప్పటి పుస్తకం పట్టుకుని చదివితే మొదటి అడుగులోనే అది తప్పు. మూడు ప్రధాన సంఖ్యల అతి చిన్న మొత్తం 2 + 2 + 2, అంటే 6. మరి 3, 4, 5 సంగతేమిటి? ఆయన 1ని కూడా ప్రధాన సంఖ్యగా లెక్కవేశారు. అది తెలిస్తే 3 అంటే 1 + 1 + 1, వాక్యం నిలబడుతుంది. ఆయిలర్ అదే నెల 30న జవాబు రాస్తూ, ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమని, ఇది నిజమని తనకు నమ్మకమేనని, కానీ నిరూపించలేనని ఒప్పుకున్నారు. 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దూరం దాకా కంప్యూటర్లతో సరిచూశారు. నిరూపణ మాత్రం ఇప్పటికీ రాలేదు. ఆయిలర్ అంతటివాడు "నాకు రాదు" అని రాసిన ప్రశ్న అది. దాన్ని కూడా, 1ని ఎలా చూస్తున్నారో తెలియకపోతే తప్పుగానే చదువుతాం. "సహజ సంఖ్య" అంటే మీ పుస్తకంలో సున్నా ఉందా, లేదా? ఒక్క ముక్క రాయండి.

సంభావ్యతలో ఈ బాధ ఇంకా ఎక్కువ. వృత్తంలో "ఏదో ఒక" జ్యా (వృత్తం మీది రెండు బిందువుల్ని కలిపే గీత) గీస్తే, అది లోపల ఇమిడే సమబాహు త్రిభుజం భుజం కన్నా పొడవుగా ఉండే సంభావ్యత ఎంత? 1889లో గణితవేత్త బెర్ట్రాండ్ ఈ ప్రశ్న వేసి మూడు జవాబులు చూపించారు. జ్యా రెండు కొసల్నీ వృత్తం మీద యాదృచ్ఛికంగా ఎంచుకుంటే 1/3 వస్తుంది. ఒక వ్యాసార్ధం మీద బిందువు ఎంచుకుని దానికి లంబంగా జ్యా గీస్తే 1/2. జ్యా మధ్యబిందువును వృత్తం లోపల ఎక్కడైనా ఎంచుకుంటే 1/4. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. "ఏదో ఒక" అన్న మాటకు అర్థం చెప్పకుండా అడగడమే చిక్కంతా. తలుపుల వెనక బహుమతి దాచిన లెక్క మీకు తెలిసే ఉంటుంది: మూడు తలుపుల్లో మీరు ఒకటి ఎంచుకున్నాక, ఆట నడిపేవాడు మిగిలినవాటిలో ఒక ఖాళీ తలుపు తెరిచి, మీ తలుపు మార్చుకుంటారా అని అడుగుతాడు. 1990లో మారిలిన్ వాస్ సావంత్ అనే రచయిత్రి ఒక పత్రికలో, మార్చుకోవడమే మేలని దాని జవాబు ఇస్తే దాదాపు 10,000 ఉత్తరాలు వచ్చాయి, వాటిలో సుమారు 1,000 డాక్టరేట్లు ఉన్నవాళ్లవి, ఎక్కువమంది ఆమెదే తప్పన్నారు. ఆమె చెప్పింది సరైనదే. అయితే ఆ జవాబు నిలబడాలంటే, ఆట నడిపేవాడికి బహుమతి ఎక్కడుందో తెలుసని, ప్రతిసారీ కావాలనే ఖాళీ తలుపే తెరుస్తాడని ఉండాలి. మీరు సంభావ్యత లెక్క పంపేటప్పుడు ఇలాంటి షరతుల్ని "అందరికీ తెలిసిందేగా" అని కత్తిరించకండి. లెక్కను ఉన్నది ఉన్నట్టు, పుస్తకంలోని మాటలతో పూర్తిగా ఇవ్వండి. మీ మాటల్లో మళ్లీ చెప్పడం దాని తర్వాత.

రాత గురించి రెండే మాటలు. "1/2ఎక్స్" అంటే ఒకటి బై రెండు ఎక్సా, సగం ఎక్సా? "6 ÷ 2(1 + 2)" ఎంత అని పోట్లాడుకునేవాళ్లను చూశాను. ఒకరికి 9, ఒకరికి 1. అక్కడ గణితం ఏమీ లేదు, బ్రాకెట్టు లేదు. ఇంకో బ్రాకెట్టు పెట్టండి. వీలైతే ఫొటో బదులు టైపు చేయండి. వంకరగా, నీడ పడి, ఘాతం 2నో 3నో తెలియని ఫొటో చూసి ఇచ్చిన జవాబు వేరే లెక్కకు జవాబవుతుంది. కళ్లు కనిపించక, తెర మీది అక్షరాల్ని చదివించుకుని వినే గణితవేత్తలకు మీ ఫొటోలో ఏమీ వినిపించదు. బొమ్మ అవసరమైన జ్యామితి లెక్కకు బొమ్మ పెట్టండి, పక్కనే లెక్కను అక్షరాల్లో కూడా రాయండి.

మీరు అడిగే ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది చూడండి, దాన్ని దాచకండి. ఒకరు ఒక భయంకరమైన సమాకలనం (ఇంటిగ్రల్) పంపి ఇది ఎలా చేయాలని అడిగారు. నేనూ ఇంకొకరూ చెరో సాయంత్రం దాని మీద గడిపాం. చివరికి అసలు లెక్క ఏమిటని అడిగితే ఒక చిన్న వైశాల్యం లెక్క. అడ్డంగా కోయాల్సిన ఆకారాన్ని నిలువుగా కోశారు, అందుకే అంత వికారమైన సమాకలనం వచ్చింది. అడ్డంగా కోస్తే నాలుగు లైన్లు. తాను ఇరుక్కున్న స్టెప్ మాత్రమే పంపారు, అక్కడికి ఎందుకు వచ్చారో చెప్పలేదు. రెండూ కావాలి.

ఒక్కోసారి ప్రశ్నను తిప్పి అడగడమే పెద్ద పని. సగంలో ఆగిన పందెం డబ్బును ఆటగాళ్లు ఎలా పంచుకోవాలన్నది పాత చిక్కు. ముందు మూడు గెలిచినవాడిదే డబ్బంతా, 2–1 దగ్గర ఆట ఆగింది అనుకోండి. 1494లో పచోలి అనే గణితవేత్త ఎవరెన్ని గెలిచారో ఆ నిష్పత్తిలో, అంటే 2:1గా పంచమన్నారు. 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు గణితవేత్తలు ఉత్తరాలు రాసుకుంటూ వేరే ప్రశ్న వేసుకున్నారు: ఇంకా ఎన్ని గెలవాలి? వెనకబడినవాడు వరసగా రెండు గెలిస్తే తప్ప డబ్బు రాదు, దానికి అవకాశం 1/4. కాబట్టి 3:1. సంభావ్యతా శాస్త్రం మొదలైంది ఆ ఉత్తరాల దగ్గరేనని అంటారు. అంత పెద్ద మలుపు మీ లెక్కలో ఉండనక్కర్లేదు. కానీ "నేను అసలు దేన్ని కనుక్కోవాలనుకుంటున్నాను?" అని రాసుకుంటే అది మీ ముందుకు వస్తుంది.

మీలో చాలామంది ప్రశ్నను "ఇది పిచ్చి ప్రశ్న కావచ్చు, ఏమనుకోకండి" అని మొదలుపెడతారు. ఆ లైను చదివినప్పుడల్లా, ఇంతకుముందు ఎవరో ఈ పిల్లను చూసి నవ్వారని అర్థమవుతుంది. దయచేసి ఆ లైను తీసేయండి. తెలియనిది చెప్పడానికి క్షమాపణ అక్కర్లేదు. హోంవర్క్ అయితే హోంవర్క్ అని చెప్పండి, మేం సూచన ఇచ్చి మిగిలింది మీకు వదిలేస్తాం. జరుగుతున్న పరీక్షలోని ప్రశ్న మాత్రం పంపకండి, దానికి మేం జవాబు ఇవ్వం. ఒకే ప్రశ్న నలుగురికి పంపితే ఆ మాట నలుగురికీ చెప్పండి. ఒకరు చెప్పేసిన జవాబు కోసం ఇంకో ముగ్గురు రాత్రి మేలుకోవడం న్యాయం కాదు.

జవాబు వచ్చాక మీ ప్రశ్నను మార్చకండి. పొరపాటు రాశారని తర్వాత తెలిస్తే, పాతది అలాగే ఉంచి కింద సవరణ చేర్చండి. పాతది చెరిపేస్తే, దానికి సరిగ్గా జవాబు రాసిన మనిషి తప్పు రాసినట్టు కనిపిస్తారు. జవాబు అర్థం కాకపోతే "థ్యాంక్స్" అని వెళ్లిపోకుండా, ఏ వాక్యం అర్థం కాలేదో అడగండి. మాకు విసుగు రాదు. అర్థమైతే ఎలా అర్థమైందో ఒక లైను రాయండి, తర్వాత అదే డౌట్‌తో వచ్చేవాళ్లకు మా జవాబు కన్నా ఆ లైనే ఎక్కువ ఉపయోగపడుతుంది.

నాలాగా జవాబులు రాసే వాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. "ఇది స్పష్టమే కదా", "ఇంత తేలికైనదా?" అనే మాటలు మనం మానేయాలి. స్పష్టమైతే అడిగేవారు కాదు. మొదటిసారి సరిగ్గా అడగలేని పిల్లలకు "ప్రశ్న బాగా లేదు" అని తలుపు మూసేయకుండా, "ఎంతవరకు చేశారు?" అని అడుగుదాం. నాకు ఆ రోజు దొరికింది ఆ మాటే.

మొన్న ఒక అమ్మాయి రాసింది. సంవృత అంతరం (రెండు కొసల సంఖ్యలూ కలుపుకున్న అంతరం) మీద అవిచ్ఛిన్న ప్రమేయానికి, అంటే ఎక్కడా తెగని ఫంక్షన్‌కు, గరిష్ఠ విలువ తప్పకుండా ఉంటుందని చదువుకుందట. ఆ కొసలు అంతరంలో లేకపోతే ఏమవుతుందని డౌట్. దాన్ని రాస్తూ ఉదాహరణ కోసం వెతికింది: 0కీ 1కీ మధ్య, కొసలు లేకుండా, ఎఫ్(ఎక్స్) = ఎక్స్. "0.9 గరిష్ఠం అనుకుంటే 0.99 ఉంది. 0.99 అనుకుంటే 0.999 ఉంది. 1 అనుకుంటే ఆ 1 అంతరంలోనే లేదు. ఇది రాస్తుంటే నా డౌట్ నాకే తీరిపోయింది, అయినా పంపుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు ఇంకోటి వచ్చింది. కొసలు అంతరంలోనే ఉండి, ప్రమేయం ఒక్క చోట తెగితే గరిష్ఠం పోవచ్చు కదా? మరి తెగినా పోకుండా ఉండే ప్రమేయాలకు ప్రత్యేకంగా ఏదైనా పేరు ఉందా?"

ఉంది. ఈ రాత్రి ఆమెకు జవాబు రాయాలి.

మీ ప్రశ్నల కోసం ఎదురుచూస్తూ,
జవాబులు రాసేవాళ్లలో ఒకరు